నీరుగంటి వంతు

ఒక్క మంచం, ఆరు రోజులు, ముగ్గురు మనుషులు. ఇంతకన్నా తేలికైన లెక్క ఒకటో తరగతి పలక మీద కూడా ఉండదు. సోమ, గురువారాలు తిమ్మప్పవి. మంగళ, శుక్రవారాలు సుంకప్పవి. బుధ, శనివారాలు మారెక్కవి. ఆదివారం సెలవు. ఈశ్వరి ఈ లెక్కను ఒక అట్టముక్క మీద మూడు రంగుల స్కెచ్ పెన్నులతో రాసింది. చదువురాని మారెక్క కోసం పేర్ల పక్కన బొమ్మలు కూడా వేసి, భోజనాల గది గోడకు మేకు కొట్టి మరీ తగిలించింది. అనంతపురం దాటి ఉరవకొండ రోడ్డులో ఉన్న ఆ వృద్ధాశ్రమానికి నర్సూ ఆమే, వార్డెనూ ఆమే, వంటమనిషి రాని రోజు వంటమనిషీ ఆమే. ముప్పై ఒక్క మంది ముసలివాళ్ళను ఒంటిచేత్తో నడుపుతున్నానని ఆమెకు లోలోపల కాస్త గర్వం. గర్వపడనివ్వండి, పాపం. జీతం ఎటూ గర్వపడేంత లేదు.

ఈ ముగ్గురూ ఆశ్రమంలో చేరింది ఇంట్లో చూసేవాళ్ళు లేక కాదు. మూత్రపిండాలు పని మానేసిన మనిషికి వారానికి రెండుసార్లు, పూటకు నాలుగు గంటలు, మిషను మీద రక్తం శుభ్రం చేయించి ఒంట్లో చేరిన నీళ్ళు తీయించాలి. ఊళ్ళ నుంచి రావాలంటే కోడి కూయకముందే బస్సెక్కాలి, దీపాలు పెట్టాక ఇల్లు చేరాలి. మిషను పోసిన ప్రాణం కాస్తా బస్సు తీసేస్తుంది. అందుకని డయాలసిస్ సెంటరుకు దగ్గరగా ఉంటుందని ఇక్కడికి వచ్చారు. సెంటరువాళ్ళు ఆశ్రమానికని ఒక మంచాన్ని, పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా, కేటాయించారు. ఆ మంచం కోసం బయట పదహారు మంది కాచుకొని ఉన్నారని అక్కడి డాక్టరు సుష్మ కనీసం నెలకొకసారి గుర్తుచేసేది.

తిమ్మప్ప రెండుసార్లు సర్పంచిగా గెలిచి మూడోసారి ఓడిన రెడ్డి. పదవి పోయింది గానీ గొంతు పోలేదు. పప్పులో ఉప్పు తగ్గినా, ఫ్యాను నెమ్మదిగా తిరిగినా, "నేనొక్క ఫోన్ కొడితే ఉంటాదీ..." అనేవాడు. ఆయన ఫోన్ కొట్టడం మాత్రం ఎవరూ చూడలేదు. మారెక్క యాభై ఏళ్ళు పరాయి చేలల్లో వేరుశనగ కాయ పెరికిన మనిషి. మొత్తం బరువు నలభై మూడు కిలోలు, అందులో సగం నోరేనని వంటమనిషి అనేది.

ఇక సుంకప్ప. ఆయన ఒక చెరువు కింద నలభై ఏళ్ళు నీరుగంటిగా చేశాడు. నీరుగంటి అంటే చెరువు తూము తీసి, ఏ మడికి ఎంతసేపు, ఈ రోజు ఎవరి వంతు అని నీళ్ళు పంచేవాడు. వంద ఎకరాల ఆసామి అయినా, గుంట భూమి ఉన్న బీదవాడైనా, ఆయన పార చూపిన వైపే నీళ్ళు మళ్ళాలి. ఆ పనికి ఒక కట్టుబాటుంది. నీరుగంటి సొంత మడి చిట్టచివర తడవాలి. అందరి వంతులూ అయ్యాక కాలువలో ఏమైనా మిగిలితే అది ఆయనది. మిగలని ఏడు ఆయన పైరు ఎండుతుంది, ఎండింది కాబట్టే ఆయన్ను ఊరు నమ్ముతుంది. సుంకప్ప మడి నలభై ఏళ్ళలో పన్నెండుసార్లు ఎండింది. ఇంకొకరైతే గుండెలు బాదుకుని చెప్పుకునే సంగతిని ఆయన మీసం దువ్వుకుంటూ చెప్పుకునేవాడు.

ఆ తరువాత కరువు మీద కరువు వచ్చి చెరువే ఎండిపోయింది. పంచడానికి ఏమీ లేక చేతులు ముడుచుకు కూర్చున్న మనిషికి, ఈ వయసులో, ముగ్గురి మధ్య ఒక్క మంచం దొరికింది. ఊరుకుంటాడా?

మొదటి నెల అట్టముక్క చెప్పినట్టే నడిచింది. రెండో నెలలో తిమ్మప్పకు ఒక గురువారం ఎవరిదో రాజీ పంచాయితీ తగిలింది. ఆశ్రమం నీళ్ళ సంపు గట్టు మీద కూర్చుని సుంకప్పతో మొర పెట్టుకున్నాడు. సుంకప్ప కళ్ళు మూసుకుని కాసేపు లెక్క వేశాడు.

"రెడ్డీ, నీ గురువారం తడి నేను పెట్టుకుంటా. నా శుక్రవారం తడి నువ్వు పెట్టుకో. ఇద్దరికీ నష్టం ల్యా."

డయాలసిస్‌ను ఆయన, పైరుకు నీళ్ళు కట్టినట్టు, తడి అనే అనేవాడు. వినగా వినగా మిగిలిన ఇద్దరికీ అదే అలవాటయింది. ఆ మార్పు బాగానే కుదిరింది. కుదరడమే కొంప ముంచింది. మరుసటి వారం మారెక్క మొక్కు తీర్చుకోవడానికి గూగూడు కుళ్ళాయిస్వామి దగ్గరకు పోవాలంది. ఆమె శనివారం తిమ్మప్పకు, తిమ్మప్ప సోమవారం సుంకప్పకు, సుంకప్ప మంగళవారం మారెక్కకు. ఇలా మంచం గోడమీది లెక్కను వదిలేసి సంపు గట్టు మీది లెక్కలో నడవసాగింది. వ్యాను తోలే ఓబులేష్‌కు ఎవరు గేటు దగ్గర నిలబడితే వాళ్ళను ఎక్కించుకోవడమే తెలుసు. సెంటరులో మిషను నడిపే శ్రీకాంత్‌కు ఆశ్రమం నుంచి ఎవరు వస్తే వాళ్ళను మంచమెక్కించడమే తెలుసు. ఈశ్వరికి మాత్రం ఏమీ తెలియదు.

తెలిసింది డాక్టరు సుష్మ ఫోనుతో. "ఈశ్వరీ, మీ సుంకప్ప ఈసారి ఐదు రోజులకు వచ్చాడు. నాలుగు కిలోల నీళ్ళు మోసుకొచ్చాడు. ఆ వయసులో గుండె ఆగిపోతే ఎవరు సమాధానం చెప్తారు? మీరు వంతులు పాటించలేకపోతే చెప్పండి. పాటించేవాళ్ళు పదహారు మంది ఉన్నారు. ఇంకొక్కసారి ఇలా జరిగితే మంచం వాళ్ళకిచ్చేస్తాను."

ఈశ్వరి ఫోను పెట్టేసి నేరుగా సంపు గట్టు దగ్గరకు నడిచింది. ఆమె నడక చూసి తిమ్మప్ప పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

"తాతా, ఆ బోర్డు నేనేంటికి రాసినాననుకుంటాండావు? ఈగలు వాలేదానికా?"

"కోపం చేయద్దమ్మా," అన్నాడు సుంకప్ప. "ఒక తడి ఎగ్గొడితే చేను చస్తాదా? కాస్త వాడుతాది. మళ్ళా వరసగా రెండు తడులు పెడితే లేచి నిలబడ్తాది."

"నువ్వు చేను కాదు, మనిషివి!"

"రెండూ నీళ్ళ మీద బతికేటివే కదమ్మా."

"అయ్యో దేవుడా! నీకు నీళ్ళు చాలక కాదు తాతా, ఎక్కువై జబ్బు. రోజుకు మూడు గ్లాసులు మించి తాగొద్దని చెప్పినామా లేదా? తాగిందంతా బయటికి పోక ఒంట్లోనే నిలుస్తాది. ఊపిరితిత్తుల దాకా ఎక్కుతాది. రెండుసార్లది ఒకసారి తీసేదానికి ఇది కాలువ మడవ కాదు."

సుంకప్ప ఆలోచించాడు. "అట్లయితే ముంపు చేను అన్నమాట. అయినా వంతు వంతే కదా. ఎవరికి అవసరమో వాళ్ళకు ముందు..."

"నీ అవసరం ఎప్పుడొస్తాది మరి?"

ఆ ప్రశ్న నలభై ఏళ్ళలో సుంకప్పను ఎవరూ అడిగి ఉండరు. చివరికి, "సరేమ్మా, నీ బోర్డు నీది. నేను నోరెత్తను," అని మాటిచ్చాడు. ఇచ్చిన మాట నోరెత్తనని మాత్రమే. పంచనని కాదు. ఆ తేడా ఈశ్వరి గమనించలేదు, గమనించడానికి ఆమె ఏమైనా వకీలా?

ఆ మరుసటి బుధవారం పొద్దున్నే ఈశ్వరి నల్లమాడ బస్సెక్కింది. వాళ్ళమ్మకు కంటి ఆపరేషను. నాలుగు రోజులు సెలవు పెట్టడం ఆ ఏడాదిలో అదే మొదలు. పోతూ పోతూ ఓబులేష్‌ను పిలిచి, బోర్డు చూపించి, వేలు పెట్టి మరీ మూడుసార్లు చదివించింది.

ఆమె బస్సు బత్తలపల్లి దాటిందో లేదో, ఇక్కడ లెక్క తప్పింది. సెంటరుకు ఆ రోజు నీళ్ళ ట్యాంకరు రాలేదు. నీళ్ళు లేకపోతే మిషను నడవదు. మారెక్కను తీసుకుపోయిన ఓబులేష్ ఆమెను అట్లాగే వెనక్కి తీసుకొచ్చాడు. గురువారం ట్యాంకరు వచ్చింది, తిమ్మప్ప తన వంతు తాను చేయించుకున్నాడు. మారెక్క కాళ్ళు మాత్రం అప్పటికే వాచి చెప్పుల్లో పట్టడం లేదు. ఆమె శనివారం దాకా ఆగాలంటే మొత్తం ఏడు రోజులు.

"అక్కకు ఫోన్ చేద్దామా?" అన్నాడు ఓబులేష్.

"ఆయమ్మ తల్లి కంటికి గంత కట్టుకొని పండుకొనుంటే, నువ్వు ఫోన్ చేసి ఏం సాధిస్తావు?" అన్నాడు సుంకప్ప. "శుక్రవారం నాది. మారెక్క పోతాది. శనివారం ఆమెది నేను పెట్టుకుంటా. అయిపోయె."

నిజానికి ఇది న్యాయమైన తీర్పే. ఈశ్వరి ఉన్నా ఇంచుమించు ఇదే చేసేది, డాక్టరుకు చెప్పి చేసేది. మారెక్క శుక్రవారం పోయి, ఒళ్ళు తేలికపడి, వ్యానులో పాట పాడుకుంటూ వచ్చింది. ఇక్కడితో ఆగి ఉంటే ఈ కథే ఉండదు.

శుక్రవారం సాయంత్రం తిమ్మప్ప తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని సంపు గట్టు దగ్గరకొచ్చాడు. సోమవారం తాడిపత్రిలో ఆయన తమ్ముడి మనవరాలి పెళ్ళి. "సుంకప్పా, రేపు శనివారం తడి ఎవరిది?"

"నాదే."

"అది నాకిస్తే నా సోమవారం నీది. పెండ్లిలో నిమ్మళంగా కూర్చుంటా."

సుంకప్ప శుక్రవారం పోలేదన్న సంగతి తిమ్మప్పకు తెలియదు, మారెక్క శనివారం సుంకప్పది ఎలా అయిందని అడగాలనీ తోచలేదు. ఆ రోజంతా ఆయన తమ్ముడికి ఫోన్లు కొట్టడంలోనే ఉన్నాడు (అవి మాత్రం నిజంగా కొట్టాడు). సుంకప్ప చెప్పి ఉంటే అడిగేవాడే కాదు. కానీ అడిగినవాడికి లేదనడం, అదీ తన వంతు తానే వాడుకోవడం కోసం లేదనడం, సుంకప్పకు చేతకాని పని. మంగళవారం నుంచి సోమవారానికి ఆరు రోజులని ఆయనకు తెలుసు. సోమ, మంగళ వరసగా రెండు తడులు పడతాయి కదా అని కూడా లెక్క వేసుకున్నాడు.

"పో రెడ్డీ, పెండ్లి బాగా జరగాల," అన్నాడు.

ఆదివారం పొద్దున తొమ్మిదికి ఈశ్వరి చంకన సంచీతో గేటు తీసుకుని లోపలికి వచ్చింది. ఆదివారం ఆశ్రమంలో తలంట్ల రోజు. సంపును శనివారం రాత్రి ట్యాంకరుతో నింపి, మనిషికి రెండు బకెట్ల చొప్పున పోసేవారు. ఆడవాళ్ళు నెత్తిన నూనె పెట్టుకుని వరసలో కూర్చున్నారు. కుళ్ళాయప్ప అనే ముసలాయన అందరికన్నా ముందు పోసుకోవాలని అప్పుడే ముఖానికి సబ్బు పూసుకుని, కళ్ళు మూసుకుని, చెంబు కోసం తడుముకుంటున్నాడు. అందరూ ఉన్నారు. సుంకప్ప మాత్రం వరండాలో గోడకు రెండు దిండ్లు పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉన్నాడు. ముఖం పూరీలా పొంగి ఉంది.

"ఏం తాతా, అట్ల కూర్చున్నావు?"

"గాలికమ్మా. పండుకుంటే... గాలి... తగల్లే."

మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. ఈశ్వరి సంచీ కింద పడేసి ఆయన కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట గుంటలాగే ఉండిపోయింది.

"శుక్రవారం చేయించుకున్నావా?"

"శుక్రవారం తడి... బాగా పారిందమ్మా."

ఆ నిజంలో అబద్ధం వాసన పట్టడానికి ఆమెకు ఒక్క క్షణం పట్టింది. లోపలికి పరుగెత్తి సెంటరు ఫైలు తీసింది. శుక్రవారం కాగితం మీద మనిషి బరువు నలభై మూడు కిలోలు. సుంకప్ప అరవై కిలోల మనిషి. శనివారం కాగితం మీద డెబ్బై ఎనిమిది. అది తిమ్మప్ప తప్ప ఇంకెవరూ కాలేరు.

"మారెక్కవ్వా! రెడ్డి తాతా!" అని ఆమె వేసిన కేకకు కుళ్ళాయప్ప సబ్బు కళ్ళు తెరిచి, మంటకు మళ్ళీ మూసుకున్నాడు.

సంగతి రెండు నిమిషాల్లో బయటపడింది. తిమ్మప్ప ముఖం పాలిపోయింది. "నువ్వు శుక్రవారం పోయింటావనుకుంటి కదప్పా! నాకు చెప్పుంటే నీ తడి నేను ముట్టుకుంటానా? పెండ్లిలో లడ్డు తినేదానికి మనిషి ప్రాణం తీస్తానా?" అంటూ సుంకప్ప ముందు కూలబడ్డాడు. మారెక్క మాత్రం ఏడుస్తూ తిట్టింది. ఆమె ఎప్పుడూ రెండు పనులూ కలిపే చేసేది.

ఈశ్వరి ఫోను చేతిలోకి తీసుకుని ఆగింది. ఆగింది అంటే పది సెకన్లు. ఆ పది సెకన్లలో ఆమెకు అన్నీ కనబడ్డాయి. దగ్గరలో వేరేచోట మంచాల్లేవు, కర్నూలు, బెంగళూరు అయితే గంటల దారి. సుష్మకు చెప్తే వంతులు మళ్ళీ మారాయని తెలుస్తుంది, మంచం పోతుంది. ముగ్గురూ మళ్ళీ కోడి కూయకముందు బస్సుల పాలవుతారు. చెప్పకపోతే రేపు పొద్దున ఏడు దాకా సుంకప్ప ఉండడు. ఆమెకు ఒళ్ళు మండింది. సుంకప్ప మీద కాదు, నాలుగు రోజులు సెలవు పెట్టిన తన మీద. నంబరు నొక్కి, ఒక్క ముక్క దాచకుండా అంతా చెప్పేసింది.

అవతలి నుంచి సుష్మ, "మంచం సంగతి తరువాత చూద్దాం. శ్రీకాంత్‌ను తాళం తీయమంటాను, నేనూ వస్తాను," అంది. "కానీ ఈశ్వరీ, నీళ్ళు లేవు. నిన్న సాయంత్రంతో ట్యాంకు ఖాళీ. ఆదివారం మా ట్యాంకరు రాదు. శుద్ధిలో పారబోసేది కూడా కలుపుకుంటే ఒక్క మనిషికి నాలుగు వందల లీటర్లు కావాలి. ఏ నీళ్ళయినా సరే, శుద్ధి చేసుకోవడానికి ప్లాంటు ఉంది. నీళ్ళే లేవు."

ఈశ్వరి వెనక్కి తిరిగింది. సంపు నిండుగా ఉంది. దాని ముందు బకెట్లు పట్టుకుని, నూనె కారుతున్న తలలతో, ఇరవై ఎనిమిది మంది ఆమె వైపే చూస్తున్నారు. ఆ నీళ్ళు మంగళవారం దాకా రావాలి. తీస్తే ఈ రోజు ఎవరికీ స్నానం లేదు, రేపు బట్టలు ఉతకడం లేదు. అడగడానికి ఆమె నోరు తెరిచింది.

అడగనిచ్చిందెవరు? తిమ్మప్ప లేచి నిలబడ్డాడు. సర్పంచిగా ఓడిన తరువాత తొమ్మిదేళ్ళుగా దాచిపెట్టుకున్న గొంతంతా ఒక్కసారి బయటికి తీశాడు. "ఏయ్, అందరూ ఇనుకోండి! ఈరోజు స్నానాలు బంద్! ఎవురూ చెంబు ముంచొద్దు! తాగే నీళ్ళ క్యాన్లన్నీ ఈడికి తెండి! ఓబులేషూ, బండి సంపు కాడికి తీసుకరా!"

ఆయన జీవితంలో ఆయన మాట ఇంత తొందరగా ఎవరూ విని ఉండరు. వంటింట్లోంచి ఇరవై లీటర్ల క్యాన్లు దొర్లుకుంటూ వచ్చాయి. నడవలేనివాళ్ళు మూతలు బిగించారు, నడవగలిగినవాళ్ళు బకెట్లతో ముంచి పోశారు. కుళ్ళాయప్ప సబ్బు ముఖంతోనే వరసలో నిలబడి బకెట్లు అందించాడు. ఒకరిద్దరు గొణిగారు కూడా, ఎందుకు గొణగరు, నెత్తిన నూనె జిడ్డుతో రెండు రోజులుండడం ఎవరికి సరదా? గొణుగుతూనే ముంచారు. పావుగంటలో ఇరవై క్యాన్లు నిండి వ్యానులో చేరాయి.

సుంకప్పను ముందు సీట్లో కూర్చోబెట్టారు. తిమ్మప్ప, మారెక్క తామూ వస్తామని క్యాన్ల మధ్యకు ఎక్కారు. దిగమని ఈశ్వరి అరిచింది, వాళ్ళు వినలేదు. ఈశ్వరి సుంకప్ప పక్కన ఆశ్రమం ఆక్సిజన్ సిలిండరు గొట్టం పట్టుకుని కూర్చుంది. ఓబులేష్ ఆ రోజు తోలినట్టు ఇంకెప్పుడూ తోలలేదు, తోలొద్దని ఈశ్వరి తరువాత చెప్పింది కూడా.

సెంటరులో శ్రీకాంత్ తలుపులు బార్లా తీసి ఉంచాడు. ఒక్కొక్క క్యానూ ట్యాంకులో కుమ్మరించారు. కాసేపటికి ప్లాంటు గుర్రుమని నడవడం మొదలెట్టింది. మంచం మీద తెల్ల దుప్పటి పరిచారు. శ్రీకాంత్ సూదులు సిద్ధం చేసుకున్నాడు. అంతా అయ్యింది, పడుకోవడమే తరువాయి.

సుంకప్ప మంచం అంచున కూర్చుని, ఎడమ చెయ్యి ఒళ్ళో ముడుచుకుని, ఖాళీ క్యాన్లను లెక్కపెడుతున్నాడు.

"ఇవి... ఎవరి నీళ్ళు?"

"మనవే తాతా, పండుకో," అంది ఈశ్వరి.

"మనవి గాదు. ఆదివారం... అందరి స్నానాల నీళ్ళు ఇవి. ముప్పై మంది... వంతు. నాకేంటికి పెడతారు? ఆదివారం... నా వంతు ల్యా. రేపు నాదే. రెడ్డి ఇచ్చినాడు. రేపు... పెట్టుకుంటా."

ఈశ్వరి ఆయన భుజాలు పట్టుకుంది. "రేపటికి నువ్వుండవు!"

"నలభై ఏండ్లమ్మా. ఒక్కరి తడి... ముందు ముట్టుకోలే. నా మడికి ముందు కట్టుకున్యాడని... ఒక్కడు అన్ల్యా. ఇప్పుడు ముప్పై మందివి... తాగేసి... ఎట్ల బతికేది?"

శ్రీకాంత్ సూది పట్టుకుని నిలబడ్డాడు. "ఒప్పుకోని మనిషికి గుచ్చలేనక్కా," అన్నాడు మెల్లగా. అప్పటికి సుష్మ కూడా వచ్చి గుమ్మంలో ఆగి అంతా వింటూ ఉంది. ఆమెను చూసి ఈశ్వరి, "మేడం, మంచం తీసేస్తే తీసేయండి, ఈ ఒక్క పూట..." అని ఏడ్చేసింది.

"మంచం తీసేస్తే మీ పెద్దాయనకు పండగే," అంది సుష్మ. "ఇంకో పదహారు మందికి పంచానని సంబరపడతాడు. ఆ సంతోషం ఆయనకు దక్కనివ్వను, మంచం మీకే ఉంటుంది. ముందు ఆయన్ను పడుకోబెట్టు."

ఎలా పడుకోబెట్టాలి? ఈశ్వరి బతిమాలింది, బెదిరించింది, కాళ్ళు పట్టుకుంటానంది. తిమ్మప్ప మనవరాలి పెళ్ళి మీద ఒట్టు పెట్టాడు. సుంకప్ప తల అడ్డంగా ఆడించడం మానలేదు. ఆయన పెదవులు నీలంగా మారుతున్నాయి. ఆ మొండితనం చూస్తే ఈశ్వరికి చెంప మీద కొట్టాలనిపించింది, ఆ మనిషిని గుండెకు హత్తుకుని ఏడవాలని కూడా అనిపించింది.

అప్పుడు మారెక్క చెంగుతో ముక్కు తుడుచుకుని, అందరినీ పక్కకు నెట్టి మంచం దగ్గరకు వచ్చింది.

"ఓయ్ నీరుగంటీ! నీకు నీళ్ళ కట్టుబాట్లు అన్నీ తెలుసని కదా నీ పొగరు? మా ఊర్లో ఓబన్నని నీరుగంటి ఉండె. నీ మాదిరే ఆయప్ప మడి చివరికే. ఒక ఏడు అందరి పైర్లూ పచ్చగుంటే, ఆయప్పది ఒక్కటే ఎండుతా ఉండె. అప్పుడు ఊరోళ్ళంతా గూడినారు. ఆయప్ప వద్దు వద్దంటాంటే చేతిలో పార పెరుక్కొని, అందరి వంతూ ఆపి, ఆయప్ప మడికే ముందు కట్టినారు. నీరుగంటి పైరు ఎండితే ఊరికే తలవంపులని. అది గూడా కట్టుబాటే. ఊరోళ్ళు కడితే నీరుగంటి కాదనకూడదు. నీకది తెలీదా?"

సుంకప్ప ఆమె వంక చూశాడు. ఆయాసంలోనే ఆయన మీసం కింద నవ్వులాంటిది కదిలింది.

"నలభై ఏండ్లు... తూము కాడ ఉండినా మారెక్కా. అట్లాంటి కట్టుబాటు... ఏ చెరువు కిందా ల్యా. నువ్వు... అబద్ధం చెప్తాండావు."

"లేకుంటే లేకపోయె," అంది మారెక్క. "ఇయ్యాల పెట్టినాం. ముప్పై మందిమి గూడి పెట్టినాం. పండుకో."

సుంకప్ప ఆమెను, తిమ్మప్పను, ఈశ్వరిని ఒకరి తరువాత ఒకరిని చూశాడు. కళ్ళలోంచి నీళ్ళు జారి ఉబ్బిన బుగ్గల మీదికి వచ్చాయి. తరువాత నెమ్మదిగా దిండు మీదికి ఒరిగి, ఎడమ చెయ్యి శ్రీకాంత్ వైపు చాపాడు.